ఎక్స్‌పీరియన్స్ దగ్గర ‘నిల్’ అని రాయకండి



పోస్టు పెద్దగనే ఉన్నది. ఫైనల్ ఇయర్ వాళ్లు మాత్రం ఆఖరుదాకా చదవండి. పరీక్షలు అయిపోతే హాస్టల్ ఖాళీ చెయ్యాలె. ఆ తర్వాత సిటీలో ఉండాలంటే చేతిలో ఏదో ఒక ఉద్యోగం ఉండాలె, లేకపోతే బ్యాగు సర్దుకుని ఊరి బస్సు ఎక్కాలె. మేం సైదాబాద్‌లో ఒకే రూములో ఆరుగురం ఉంటం. ఒకరు ఉట్నూరు, ఒకరు ఏటూరునాగారం, ఒకరు చర్ల, ఇద్దరు దేవరకొండ దిక్కు, ఒకరు మహబూబాబాద్. ఆరు ఇండ్లలోనూ మాకన్నా ముందు కాలేజీ గడప తొక్కినోళ్లు లేరు. రెజ్యూమ్ ఎట్ల రాయాలె అని ఇంటికి ఫోన్ చేసి అడిగే సంగతి కాదు. అందుకే కొన్ని నెలల సంది రాత్రి అన్నం తిన్నంక మేమే కూర్చుని ఒకరిది ఒకరం రాసుకుంటున్నం. పక్క రూములోళ్లు, తెలిసిన గర్ల్స్ హాస్టల్ చెల్లెలు కూడా వాళ్లవి పంపిన్రు. ఇరవై దాకా చూసినం.

ముందు ఆ ఇరవైలో ఏమున్నదో చెప్తం. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దగ్గర జిరాక్స్ షాపుల్లో రెజ్యూమ్ ఫార్మాట్ దొరుకుతది. పేరు, ఫోన్ నంబరు మార్చి ప్రింట్ ఇస్తరు. అన్నిట్లో అదే ఆబ్జెక్టివ్, ‘సీకింగ్ ఎ చాలెంజింగ్ పొజిషన్ ఇన్ ఎ రెప్యూటెడ్ ఆర్గనైజేషన్’. అన్నిట్లో అవే స్ట్రెంత్స్, హార్డ్ వర్కింగ్, సెల్ఫ్ మోటివేటెడ్, క్విక్ లెర్నర్. హాబీలు క్రికెట్, పాటలు వినుడు. మధ్యలో వర్క్ ఎక్స్‌పీరియన్స్ అని ఒక హెడ్డింగ్, దాని కింద ‘నిల్’. కొన్నిట్లో ‘ఫ్రెషర్’. ఇరవై మందిని పక్కపక్కన పెడితే ఫోటో చూసి గుర్తు పట్టాలె తప్ప కాగితం చదివి గుర్తు పట్టలేం.

ఎల్బీనగర్ దిక్కు ఒక ఆఫీసులో వాకిన్‌కు మాలో ఇద్దరం పోయినం. అక్కడ కూర్చున్న మేడం కాగితం తిప్పి చూసి, “ఇరవై ఏండ్లొచ్చినయి, ఇప్పటిదాకా ఏం పని చెయ్యలేదా?” అని అడిగింది. తిట్టినట్టు కాదు, మామూలుగనే అడిగింది. జవాబు కోసం ఆగింది కూడా.

ఏం పని చెయ్యనోళ్లమా మేము? చర్ల తమ్ముడు రెండు ఎండకాలాలు తునికాకు కల్లంలో లెక్కలు రాసిండు. ఏటూరునాగారం తమ్ముడు ఇంటర్ చదివేటప్పుడే పోడు భూముల దరఖాస్తులు రాసిండు. దేవరకొండ అన్నల్లో ఒకాయన చంపాపేట, కర్మన్‌ఘాట్ ఫంక్షన్ హాళ్లలో క్యాటరింగ్‌కు పోతడు. ఆయన మేనమామ సింగరేణి కాలనీలో ఉంటూ ఆటో నడుపుతడు, పండుగలప్పుడు ఆయన ఇంటి లెక్కలన్నీ ఈయనే చూస్తడు. పత్తి ఏరనోడు, ఇప్పపువ్వు ఏరనోడు మాలో ఎవ్వడూ లేడు. అయినా కాగితం మీద నిల్.

దీనికి కారణం ఒక్క జిరాక్స్ షాపే కాదు. మన దగ్గర పని అంటే జీతమొచ్చేది, ఆఫీసుల ఉండేది. అమ్మతోని అడవికి పోవుడు పని కాదు, ఇంట్లో మనిషై పుట్టినందుకు చేసేది. ఇంకోటి కూడా ఉన్నది. మనోళ్లలో చేసినోడు తన గురించి తాను చెప్పుకోడు. కోయల్లో వంశాల కథ చెప్పేది డోలీలు. గోండుల్లో పర్ధాన్లు, తోటీలు కిక్రీ పట్టుకుని పాడుతరు. లంబాడాల్లో భాట్లు తండాకొచ్చి తాతముత్తాతల పేర్లు చదువుతరు. మణుగూరు మండలం కూనవరం డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పాడింది సమ్మక్క సారలమ్మల కథ, కోయ వంశాల కథ. ఎవరి కొడుకు ఎవరు, ఎక్కడ పోరాడిన్రు, ఎంతమంది పడిపోయిన్రు, అన్నీ పేరు పేరునా వస్తయి ఆ పాటల్లో. అంటే చేసిన పనిని వివరంగ చెప్పుడు మనకు కొత్త కాదు. చేసినోడే నోరు తెరిచి చెప్పుకునుడు కొత్త. కానీ హెచ్‌ఆర్ దగ్గరికి మన తరఫున డోలీ రాడు కదా.

ఇగ అసలు పని. చర్ల తమ్ముడిది ఎట్ల రాసినమో మొత్తం చెప్తం, మిగతావి దాన్ని బట్టి మీకే తెలుస్తయి.

మొదట వాడు చెప్పింది ఒక్క ముక్క. “కల్లంల కూసున్న.” దాన్ని ఇంగ్లిష్‌ల ఎట్ల రాస్తవు? అందుకని రాయుడు బంద్ చేసి అడుగుడు మొదలుపెట్టినం. కల్లంల పొద్దుందాక ఏం చేసినవురా? “కల్లేదారు పక్కన ఉండి కట్టలు లెక్క పెట్టిన.” కట్టకు ఎన్ని ఆకులు? “యాభై.” రోజుకు ఎన్ని కట్టలు? “ఐదు వేలు దాటుతయి.” ఎన్ని ఇండ్లోళ్లు తెస్తరు? “యాభై ఇండ్లు.” ఎన్ని రోజులు? “ఒక్కో ఎండకాలం ఇరవై రోజులు. 2023ల, 2024ల.” లెక్క ఎక్కడ రాసినవు? “కార్డుల ఒకసారి, నా నోటుబుక్కుల ఒకసారి.” నోటుబుక్కు ఎందుకు, కల్లేదారు చెప్పిండా? ఇక్కడ వాడు ఆగిండు. “చెప్పలే. మొదటి వారం కార్డుల ఒకటి, మనుషులు చెప్పేది ఒకటి అయితుండె. రోజూ లొల్లి. అందుకే ఇంటి పేరు రాసి, వాళ్ల ముందే లెక్క పెట్టి, వాళ్లకు చదివి వినిపించి రాసేది. తర్వాత లొల్లి కాలే.”

అర్థమైందా? యాభై, ఐదు వేలు, ఇరవై రోజులు, ఇవన్నీ ఎవరైనా అడిగితే వచ్చేవి. ఆఖరు ముక్క మాత్రం వాడు దాచుకున్నది కూడా కాదు, చెప్పేంత పెద్దది అనుకోలేదు, అంతే. ఎవరూ చెప్పకుండనే ఒక గొడవను చూసి, దానికి ఒక పద్ధతి పెట్టి, ఆ గొడవ లేకుండ చేసిండు. కంపెనీవాళ్లు వెతికేది అదే. వాకిన్‌ల ఆ మేడం అడిగిన ప్రశ్నకు జవాబు కూడా అదే.

చివరికి రెజ్యూమ్‌ల రెండు లైన్లు పడ్డయి. మొదటిది: ‘కౌంటెడ్ అండ్ రికార్డెడ్ అబౌట్ 5,000 లీఫ్ బండిల్స్ ఎ డే ఫ్రమ్ 50 ఫ్యామిలీస్, టూ సీజన్స్, 2023 అండ్ 2024.’ రెండోది: ‘స్టార్టెడ్ ఎ సెకండ్ నోట్‌బుక్ అండ్ రెడ్ ఈచ్ ఎంట్రీ అలౌడ్ టు ది ఫ్యామిలీ, డైలీ డిస్ప్యూట్స్ ఓవర్ ద కౌంట్ స్టాప్డ్.’ ఇంగ్లిష్ ఇంకా మంచిగ రాయొచ్చేమో. కానీ ఇందులో ప్రతి మాట వాడికి అర్థమైతది, ఎవరడిగినా వివరించగలడు. మాకు అది ముఖ్యం. ‘రెస్పాన్సిబుల్ ఫర్ కౌంటింగ్’ అని మొదలుపెడితే పని అప్పజెప్పిన్రని తెలుస్తది గానీ, చేసిండా లేదా తెల్వదు. లెక్కపెట్టిన, రాసిన, చదివి వినిపించిన, నేర్పిన, సరిచూసిన, ఇట్లాంటి క్రియలతోని మొదలుపెట్టండి. ‘మేనేజ్డ్’, ‘హ్యాండిల్డ్’ అనే మాటలు కనబడితే గీకేసి, అసలు చేతితోని ఏం చేసినవో అది రాయండి.

అంకెల గురించి ఒక మాట. సరిగ్గా తెలిస్తే సరిగ్గా రాయండి, అందాజ అయితే ‘అబౌట్’ పెట్టండి, తెల్వకపోతే వదిలెయ్యండి. జిరాక్స్ షాపు అన్న మా చర్లోని కాగితం చూసి, “మేనేజ్డ్ ఎ టీమ్ ఆఫ్ ఫిఫ్టీ అని పెట్టు తమ్మీ, బాగుంటది” అన్నడు. యాభై ఇండ్లోళ్లు వీని కింద పనిచేసిన్రా? వాళ్ల కార్డు వీడు రాసిండు. ఇంటర్వ్యూల “టీమ్‌ల ఒకరు పనికి రాకపోతే ఏం చేసినవు?” అని అడిగితే ఏం చెప్తడు? పైగా ఆ యాభై ఇండ్లల్లో వాళ్ల అమ్మ కూడా ఉన్నది.

ఏటూరునాగారం తమ్ముడి దగ్గరకొచ్చేసరికి మూడు రాత్రులు పట్టింది, ఎందుకంటే అక్కడ కొట్లాట వేరే.

2021 నవంబర్‌ల ప్రభుత్వం పోడు దరఖాస్తులు తీసుకున్నప్పుడు వాడు ఇంటర్ ఫస్టియర్. అటవీ హక్కుల చట్టం 2006ది. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి ఆ భూమి మీద ఉన్నట్టు చూపెట్టాలె. కాగితం లేనోళ్లకు ఊరి పెద్దమనుషుల వాంగ్మూలం రాతల పెడితే అది కూడా సాక్ష్యంగ చెల్లుతది, అయితే ఒక్క సాక్ష్యంతోని సరిపోదు. వాళ్ల గూడెంల చదువొచ్చిన పిల్లలు ఎనిమిది మంది కూడి రాసిన్రు. మేం అడిగినం, “నువ్వెన్ని రాసినవు?” వాడు, “మేం రాసినం” అన్నడు. “అది సరే, నువ్వు?” “మేమన్న, అందరం.” ఎంత అడిగినా మేమే. రెజ్యూమ్‌ల ‘నేను’ లేకుండ నడవదు కదరా అంటే వానికి కోపమొచ్చింది. “ఎనిమిది మందిమి చేసిన పని నేను చేసిన్నని రాసుకుంటే, రేపు ఊరికి పోయి వాళ్ల మొకం చూడొద్దా?”

మాకు జవాబు దొరకలే. నిజం చెప్పాలంటే వాడే కరెక్టు అనిపించింది. ఉపాధి పనైనా, కోతలైనా, పెండ్లైనా మన దిక్కు పనులన్నీ మేం అనే మాటతోనే నడుస్తయి. రెజ్యూమ్ పుట్టిన లోకంల ఒక్క మనిషికి ఒక్క కాగితం. ఆ రెండిటి మధ్యల మనం ఉన్నం. కొందరు మనోళ్లు నిల్ అని రాసేది సిగ్గుతోని కాదు, ఇట్లాంటి నిజాయితీతోని కూడా అని అప్పుడు అర్థమైంది.

మూడో రాత్రి ఉట్నూరు తమ్ముడు వేరే తీరుగ అడిగిండు. “మీ ఎనిమిది మందిల నువ్వు లేకపోతే ఏ పని ఆగిపోతుండె?” వాడు కొంచెం సేపు చూసి, “పెద్దమనుషుల మాటలు” అన్నడు. మిగిలిన ఏడుగురూ ఫారాలు నింపుతుంటే ఇండ్లకు పోయి ముసలోళ్ల దగ్గర కూర్చున్నది వీడే. ఏ చెరువు తవ్విన ఏడు, ఏ పెద్దాయన చనిపోయిన ఏడు అని గుర్తు చేస్తూ, వాళ్లు కోయల చెప్పింది విని తెలుగుల రాసి, మళ్లా కోయల చదివి వినిపించి వేలిముద్ర తీసుకున్నడు. ఇరవై మూడు మందివి. అది వాని వాటా. ఎనిమిది మందిల ఎవర్ని అడిగినా ఆ వాటా వానిదే అని చెప్తరు.

అప్పుడు రాసినం. మొదటి లైన్‌లో ఎనిమిది మంది వాలంటీర్ల జట్టులో సభ్యుడు అని, రెండో లైన్‌లో ఇరవై మూడు మంది పెద్దల వాంగ్మూలాలు కోయలో విని తెలుగులో రాసి, చదివి ధ్రువీకరించుకున్నాడని. మేం ఉన్నది, నేను కూడా ఉన్నది. వానికి ఇబ్బంది కాలే.

అక్కడ ఇంకో ఆశ కూడా పుట్టింది. ‘పట్టాలు ఇప్పించిన’ అని పెడితే ఎంత బాగుంటది? 2023 జూన్‌ల పట్టాలు పంచినప్పుడు వాళ్ల గూడెంల కొందరికి వచ్చినయి, కొందరికి రాలే. ఇచ్చేది కమిటీలు, గ్రామసభ దాటి పైన ఉన్న అధికారులు. వీని పని దరఖాస్తు దగ్గర అయిపోయింది. ఫలితం రాయాలె అని ఇంటర్నెట్‌ల అందరూ చెప్తరు, నిజమే. కానీ మన చేతి పని ఎంత దూరం పోయిందో అక్కడిదాకే రాయాలె. వాని ఫలితం ఏందంటే వాడు రాసిన వాంగ్మూలాల్లో తప్పుందని ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. చిన్నగ కనబడుతది. రికార్డులు చూసే ఏ ఆఫీసరునన్నా అడగండి అది చిన్నదో పెద్దదో.

మిగతావి జల్దీ చెప్తం.

మా హాస్టల్ మెస్ కమిటీల మహబూబాబాద్ తమ్ముడు ఉన్నడు. కూరగాయలు దిగినప్పుడు తూకం చూసుడు, రిజిస్టర్ రాసుడు, వంటాయనతోని మాదన్నపేట మార్కెట్‌కు పోవుడు. రాసింది ఇవి కాదు, వాడు పెట్టిన ఒక అలవాటు. రేపు ఎవరెవరు తినరో ముందు రాత్రే వాట్సాప్‌ల పేర్లు తీసుకుని వంటాయనకు లెక్క చెప్తడు. రోజూ రెండు గిన్నెలు మిగిలే అన్నం అర గిన్నెకు వచ్చింది. హోటల్, హాస్పిటల్, గోడౌన్ ఉద్యోగాలకు ఇంతకన్నా మంచి లైన్ ఏముంటది?

ఉపాధి హామీల మేట్‌గ చేసిన చెల్లె ఒకామె 2024 ఎండకాలం సంగతి పంపింది. ముప్పై రెండు మంది కూలీలు. రోజుకు రెండుసార్లు యాప్‌ల ఫోటోతోని హాజరు. పనికాడ సిగ్నల్ ఉండదు, గుట్ట ఎక్కి అప్‌లోడ్ చేసేది. హాజరు పడకపోతే వాళ్ల కూలి పోతది. ఆమె ఉన్నన్ని రోజులు ఒక్క హాజరు తప్పలేదు. ఆ చెల్లె మాకు పంపిన రెజ్యూమ్‌ల ఇది లేకుండె, ‘పుస్తకాలు చదువుడు’ అని హాబీ ఉండె.

క్యాటరింగ్ అన్నది మాత్రం కష్టమైంది. ఎన్ని ఫంక్షన్లు అంటే లెక్క లేదు, ఫలితం ఏందంటే “అందరు తిన్నరు” అన్నడు. నవ్వినం. తర్వాత తెలిసింది, కొత్తగ వచ్చే పిల్లలకు కౌంటర్ ఎట్ల పట్టుకోవాలె, ప్లేటు ఎట్ల పెట్టాలె నేర్పేది ఈయననే అని. కాంట్రాక్టరు ఫోన్ చేసి మనుషుల్ని తెమ్మనేది ఈయనకే. ‘ట్రైన్డ్ న్యూ సర్వింగ్ స్టాఫ్’ అని అట్ల వచ్చింది.

భాషల సంగతి విడిగ చెప్పాలె. ఇరవై రెజ్యూమ్‌లల్ల ఒక్కదాంట్ల కూడా గోండి లేదు, కోయ లేదు, గోర్ బోలి లేదు. ‘లాంగ్వేజెస్ నోన్’ కింద తెలుగు, హిందీ, ఇంగ్లిష్. ఇంట్లో అమ్మతోని మాట్లాడే భాష లెక్కల లేదు! కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 2025ల తెచ్చిన ఆది వాణి యాప్‌ల గోండి ఉన్నది. ప్రభుత్వం మిషన్‌కు నేర్పుతున్న భాష మనకు పుట్టుకతోనే వచ్చు. ఉట్నూరు తమ్ముడు వాళ్ల ఊరోళ్లను ఆదిలాబాద్ రిమ్స్‌కు తీసుకపోయి డాక్టర్‌కు, పేషెంట్‌కు మధ్యల మాట్లాడిన రోజులు ఎన్నో. మందులు ఎప్పుడు వేసుకోవాలె, మళ్లా ఏ రోజు రావాలె, అన్నీ గోండిల చెప్పేది వాడే. సర్వే ఉద్యోగాలు, ఆరోగ్య ప్రాజెక్టులు, ఏజెన్సీల బ్యాంకు పనులు, వీటికి ఆ లైన్ పేరు కిందనే ఉండాలె, పేజీ అడుగున కాదు.

ఏది పైన, ఏది కింద అనేదానికి పాత ఉదాహరణ ఒకటి దొరికింది. 1482 ప్రాంతంలో లియోనార్డో డా విన్చి మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జాకు పని అడుగుతూ ఒక ఉత్తరం తయారు చేసిండు. ఆయన పేరు చెప్తే మనకు బొమ్మలు గుర్తొస్తయి. ఆ ఉత్తరంల మాత్రం ముందంతా మోసుకుపోయే వంతెనలు, ఫిరంగులు, కోట కందకాల నీళ్లు తోడే ఉపాయాలు ఉన్నయి. బొమ్మలు గీస్త అనే మాట ఆఖర్ల వస్తది. పాలకునికి యుద్ధాల గురించి బెంగ, అందుకే అది పైన. అయితే ఒక తేడా ఉన్నది. ఆయన ఎక్కువ ‘చేయగలను’ అని రాసిండు. ఆయనకు చెల్లింది. మనం ‘చేసిన’ అని రాస్తేనే నమ్ముతరు.

తీసెయ్యాల్సినవి కూడా ఉన్నయి. ప్రైవేటు ఉద్యోగానికి రెజ్యూమ్‌ల కులం, మతం, నాన్న ఏం పని చేస్తడు, పెండ్లి అయిందా, ఇవేవీ వద్దు. రిజర్వేషన్ పోస్టు అయితే సర్టిఫికెట్ వాళ్లు అడిగిన దగ్గర ఇస్తం, అది వేరే. రంగుల పెట్టెలు, రెండు కాలమ్‌ల టెంప్లేట్లు వద్దు, ఆన్‌లైన్ అప్లికేషన్లల్ల కొన్ని సాఫ్ట్‌వేర్లు అవి సరిగ్గ చదవలేవు. ఒక్క పేజీ చాలు.

ఒక్క విషయంల మా రూములో ఇంకా ఒప్పుకోలు కాలే. దేవరకొండ రెండో అన్న అంటడు, “ఉపాధి హామీ, తునికాకు అని రాస్తే వీడు కూలోడు అనుకుంటరు, ముందే పక్కన పెడతరు.” అట్ల పెట్టేటోళ్లు ఉండరని మేం చెప్పలేం. ఇంటిపేరు చూసి మొకం మార్చినోళ్లను మేమూ చూసినం. కానీ నిల్ అని రాసినప్పుడు కూడా పక్కననే పెడుతున్నరు కదా. కనీసం ఇట్ల రాస్తే అడగడానికి వాళ్లకు ఒక ప్రశ్న ఉంటది, చెప్పడానికి మనకు ఒక జవాబు ఉంటది. అన్న మాత్రం ఆయన కాగితంల పత్తి పని పెట్టలే, తండా ట్యూషన్ పెట్టుకున్నడు. ఆయన ఇష్టం.

చర్ల తమ్ముడిని పోయిన వారం గోడౌన్ స్టాక్ ఉద్యోగానికి పిలిచిన్రు. ఇరవై నిమిషాల ఇంటర్వ్యూల పదిహేను నిమిషాలు ఆ నోటుబుక్కు గురించే అడిగిన్రట. ఉద్యోగం వచ్చిందా లేదా ఇంకా చెప్పలే.

సైదాబాద్, చంపాపేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లల్ల ఉన్నోళ్లు ఆదివారం సాయంత్రం మా దగ్గరికి రండి, కూర్చుని రాద్దాం. వచ్చేటప్పుడు జిరాక్స్ షాపు ఫార్మాట్ తేవొద్దు. ఊరికి ఫోన్ చేసి మీ పాత నోటుబుక్కులు, తునికాకు కార్డులు, పని దగ్గర దిగిన ఫోటోలు ఉన్నయేమో అమ్మను వెతకమనండి. చాలావరకు దూలం మీదనో, బియ్యం డబ్బా వెనకనో ఉంటయి. దూరం ఉన్నోళ్లు కామెంట్ల ఒక్క ముక్క రాయండి, ‘కల్లంల కూసున్న’ అన్నా సరే. మిగతాది మేం అడుగుతం.